హెడ్ నర్సు (రిటైర్డ్)

మా బిల్డింగుని ఈ వీధిలో అందరూ రిటైర్డ్ బిల్డింగు అంటారు. లిఫ్టులో పైకి వెళ్తుంటే చీఫ్ ఇంజనీరు గారు ఎదురవుతారు, కిందికి వస్తుంటే ప్రిన్సిపాల్ గారు ఎదురవుతారు. చీఫ్ ఇంజనీరు గారి స్నానాల గదిలో కుళాయి ఏళ్ళ తరబడి కారుతూనే ఉంది. ప్రిన్సిపాల్ గారికి మెట్ల మీద పిల్లల గొంతు వినిపిస్తే చాలు, తలుపు వేసేసుకుంటారు. ఉద్యోగాలు ఎప్పుడో పోయాయి గాని బిరుదులకి మాత్రం తుప్పు పట్టలేదు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అన్నారు. మా బిల్డింగు నిండా అలాంటి ఏనుగులే.

నేను గ్రౌండ్ ఫ్లోర్లో, నీళ్ళ మోటారు గది పక్కనున్న చిన్న వాటాలో ఉంటాను. బతుకంతా టైపిస్టుగా గడిపాను. రిటైరయ్యాక నన్నెవరూ టైపిస్టు గారూ అని పిలవలేదు. పిలిచినా నేను పలికేదాన్ని కాదేమో, ఎవరో ఏదో కాగితం పట్టుకొచ్చారనుకుని పారిపోయేదాన్ని. కాబట్టి నా కోపం నా గురించి కాదు. మూడో అంతస్తులో ఉండే మా అక్క గురించి.

మా అక్క పెద్దాసుపత్రిలో నర్సు. ఆపరేషన్ అయినవాళ్ళని తెచ్చి పడుకోబెట్టే వార్డులో ట్రైనీగా చేరింది, ఆ వార్డులోనే హెడ్ నర్సు అయింది, ఆ వార్డులోంచే రిటైరయింది. ఆసుపత్రిలో నర్సులకి పేర్లుండవు. అందరూ సిస్టర్లే. మా అక్క ఒక్కతే హెడ్ సిస్టర్. ఆవిడ అడుగుల చప్పుడు వింటే కుర్రడాక్టర్లు కుర్చీల్లోంచి లేచేవాళ్ళు. రోగులు మాత్రం లేచేవాళ్ళు కాదు, లేస్తే తిట్టేది. సూది వెయ్యబోయే ముందు ఎంత తొందరలో ఉన్నా సరే, ఏ చెయ్యి ఇస్తారని అడిగేది. ఎందుకక్కా ఆ అడగడం, ఏదో ఒక చెయ్యి పట్టుకుని పొడిచేస్తే పోలేదా అన్నానొకసారి. ఒళ్ళు మొత్తం మన చేతిలో పెట్టి పడుకున్నారు కదే, అదొక్కటైనా వాళ్ళని తేల్చుకోనివ్వాలి అంది.

ఇంక మా బావ. ఎదురుపడితే బావగారూ అంటాను, ఇది నేను రాసుకుంటున్న కాగితం కాబట్టి గారు తీసేశాను. బావ కోర్టు ఆఫీసులో చిన్న ఉద్యోగంలో చేరి, లా చదివి, ఒక్కో మెట్టూ ఎక్కాడు. చదువుకున్న మాట నిజం. కానీ ఆ చదువు మా అక్క నైట్ డ్యూటీల మీద నడిచింది. ఆవిడ రాత్రంతా వార్డులో నిలబడి పొద్దున ఇంటికొచ్చి వంట చేసి పడుకునేది. ఆయన పరీక్షలు తప్పినప్పుడల్లా మళ్ళీ డ్యూటీలు వేయించుకునేది. ఆ కష్టమంతా పండి, రిటైరవడానికి ఏడాది కూడా లేదనగా బావకి ప్రమోషనొచ్చి జడ్జి అయ్యాడు. ఆ కుర్చీ వేడెక్కేలోపే దిగిపోయాడు. అయితేనేం, ఆ కాస్త కాలం ఆయనకి ఈ జన్మకంతటికీ సరిపోయింది. తలుపు మీద జడ్జి, ఉత్తరాల పెట్టె మీద జడ్జి. ఫోనెత్తితే జడ్జిగారిని మాట్లాడుతున్నాను అంటాడు. తనకి తానే గారు తగిలించుకున్న మనిషిని నేను ఈయన్నే చూశాను.

మా అక్క రిటైరయిన రోజునే ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు కూడా రిటైరయ్యాడు. ఇద్దరికీ కలిపి ఒకే సభ పెట్టారు. వేదిక మీద ఆయన గురించి అందరూ మాట్లాడారు, అక్క గురించి ఆయన మాట్లాడాడు, అదీ చివర్లో, భోజనాలు చల్లారిపోతాయని తొందరపెడుతూ. ఆయన్ని అక్కడికక్కడే గౌరవ సలహాదారుని చేశారు. ఆయన గది ఆయనకే ఉంచారు, తలుపు మీద పేరు ఈరోజుకీ తియ్యలేదు. అక్క మందుల బీరువా తాళాలు అప్పగించి ఇంటికొచ్చింది. వారం తిరక్కుండా, తను ఉండగా ఆపరేషన్ అయిన ఒక ముసలాయన ఎలా ఉన్నాడో చూద్దామని వెళితే గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఆపాడు. చూడ్డానికొచ్చేవాళ్ళు సాయంత్రం రావాలి, పాసు ఉందా అన్నాడట. అక్క ఇది నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అదే నెలలో ఈ బిల్డింగుకొచ్చారు. వచ్చిన రోజు నుంచి అక్క పేరు జడ్జిగారి భార్య. లిఫ్టులో జడ్జిగారి భార్య, మేడ మీద బట్టలారేసేటప్పుడు జడ్జిగారి భార్య. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది, అదీ ఎక్కడైనా పరిచయం చేసుకుంటే జడ్జిగారమ్మాయిని అనే చెప్పుకుంటుంది. సరే, మర్యాదే కదా అనుకుందాం. కానీ పొద్దున పాలు కాగకముందే అక్క గుమ్మం దగ్గర జనం ఉండేవాళ్ళు. ప్రిన్సిపాల్ గారికి బీపీ చూడాలి. చీఫ్ ఇంజనీరు గారి భార్యకి మోకాలి ఇంజెక్షను వెయ్యాలి. ఎవరికో కట్టు మార్చాలి. అప్పుడు మాత్రం అందరి నోటా సిస్టర్ గారూ, సిస్టర్ గారూ. కట్టు కట్టడం అయ్యి మెట్లు దిగేసరికి మళ్ళీ జడ్జిగారి భార్య. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే. అక్క పట్టించుకునేది కాదు. అదీ నా మంట.

ఇలా ఉండగా బిల్డింగు అసోసియేషన్ వాళ్ళు కింద హాల్లో ఉన్న పాత చెక్క బోర్డు తీసేసి ఇత్తడి బోర్డు పెట్టాలనుకున్నారు. పాత బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయి, ఎవరిల్లు ఎక్కడో తెలియక కొరియర్ వాళ్ళు ప్రతి తలుపూ కొట్టేవాళ్ళు. దాని కోసం మీటింగు పెట్టారు. అసోసియేషన్‌కి మా బావ ప్రెసిడెంటు, చీఫ్ ఇంజనీరు గారు సెక్రటరీ. తీర్మానాలు రాసుకుని టైపు చెయ్యడానికి నేను. ఊరికే వచ్చే టైపిస్టు ఉంటే ఎవరు వదులుకుంటారు?

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బావ కోసం మాత్రం వాళ్ళింట్లోంచి చేతుల కుర్చీ దించారు. సెక్రటరీ రూలు చదివాడు. ఫ్లాటు యజమాని పేరు, పక్కన హోదా, బ్రాకెట్లో రిటైర్డ్. యజమాని సంతకం పెట్టి ఒప్పుకుంటేనే ఆ వరస చెక్కించాలి, లేకపోతే తర్వాత తగువులొస్తాయి. ఆ ఆఖరి ముక్క కలపమన్నది బావే, నేనే టైపు చేశాను. తర్వాత ఒక్కో ఫ్లాటూ చదువుకుంటూ పోయాడు. మూడో అంతస్తు వచ్చేసరికి బావ పేరు, జడ్జి, రిటైర్డ్ అని చదివాడు. అప్పుడు వెనక వరసలో, బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన పెద్దమనిషి పక్కన కూర్చున్న మా అక్క లేచి నిలబడింది. అసోసియేషన్ మీటింగుకి ఆవిడ రావడం అదే మొదలు. వస్తున్నట్టు నాతో కూడా అనలేదు.

"యజమాని పేరు అన్నారు కదండీ. ఆ ఫ్లాటు నా పేరు మీద ఉంది, నా పీఎఫ్‌తో కొన్నది. ఆయన పేరు తియ్యమనట్లేదు నేను. దాని పక్కన నా పేరు కూడా రాయండి. హెడ్ నర్సు, రిటైర్డ్ అని."

అంతే అడిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. తర్వాత చీఫ్ ఇంజనీరు గారు చిన్నపిల్లకి చెప్పినట్టు నవ్వుతూ చెప్పారు, ఈ బోర్డు అధికారుల కోసమమ్మా, నర్సుకి రాస్తే రేపు మన కండక్టరు గారు కూడా అడుగుతారు అని. కండక్టరు పెద్దమనిషి తనకేమీ వద్దన్నాడు. కానీ ఆవిడకి రాయండి, మా ఇంటిదానికి ఆపరేషనయినప్పుడు ఆవిడ వార్డులోనే ఉంచారు అన్నాడు. ఆయన మాట ఎవరి చెవిలోనూ పడలేదు, పడినా ఎవరూ చెవిన పెట్టలేదు. అందరూ బావ వైపు చూశారు.

నేను కూడా చూశాను. ఇన్నేళ్ళకి ఆ మనిషికి ఒక్క అవకాశం వచ్చింది కదా అనుకున్నాను. అవునండీ, మా ఆవిడ అడిగింది నిజమే, రాయండి అంటే పోయేది. ఒక్క మాట. బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, చేతుల కుర్చీలో వెన్ను నిటారుగా చేశాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. ఆయనకి మేమెవరమూ కనపడ్డం లేదు, కోర్టు కనపడుతోంది.

"న్యాయం చెప్పే కుర్చీలో కూర్చున్నవాడికి భార్య లేదు, బిడ్డ లేదు" అన్నాడు. "ఈ బోర్డు హోదాకి సంబంధించింది. నర్సు చేసేది సేవ. సేవకి హోదా అక్కర్లేదు. అర్జీ కొట్టేస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. సొంత భార్యని కూడా చూడలేదు, అదీ జడ్జి అంటే అని ప్రిన్సిపాల్ గారు పొంగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది తిరక్కుండా దిగిపోయిన కుర్చీలో ఈయన ఏ తీర్పులు చెప్పాడో నాకు తెలియదు గాని, ఈ ఒక్కటీ చెప్పడానికే దాచుకున్నట్టు చెప్పాడు. ఆయన్ని ఆ కుర్చీ దాకా మోసుకెళ్ళిన భుజాల మీదే పెట్టాడు తీర్పు. నాకు అభ్యంతరం ఉంది, రాసుకోవాలి అన్నాను. టైపిస్టు పని టైపు చెయ్యడం అన్నాడు సెక్రటరీ. చేశాను. అక్షరాలు నావి, తీర్పు బావది. తిట్లు నా లోపలే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం నేను పైకి వెళ్ళేసరికి బావ హుషారుగా ఉన్నాడు. చూశావా, మొహమాటపడ్డానా అని నన్నే అడిగాడు. అక్క మెచ్చుకుంటుందని నిజంగానే ఎదురుచూస్తున్నాడు, అదీ విడ్డూరం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, నాలుగో కాలు ఎవరైనా చూపిస్తే కుందేలుదే తప్పంటాడు. అక్క కప్పులు కడుగుతోంది. కూతురు ఫోన్ చేసింది. సంగతంతా విని, రూలు ప్రకారం నాన్న చెప్పింది కరెక్టే కదమ్మా, అయినా నీకెందుకమ్మా ఇప్పుడివన్నీ అంది. అక్క సరేలే తల్లీ అని ఫోన్ పెట్టేసి మిగతా కప్పులు కడిగింది. నేను తిట్టడానికి నోరు తెరిస్తే, నువ్వు కిందికెళ్ళి పడుకోవే అంది.

మర్నాడు పొద్దున టీకి వెళ్ళాను. బావకి షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాలి. సూది చూస్తే కళ్ళు మూసుకునే మనిషి కాబట్టి తనంతట తను వేసుకోవడం నేర్చుకోలేదు, ఆ అవసరమూ రాలేదు. రోజూలాగే పేపరు చదువుకుంటూ చొక్కా చెయ్యి పైకి లాగి టేబులు మీద చాపాడు. అక్క ఫ్రిజ్‌లోంచి మందు తీసింది. చిన్న ఫ్లాస్కులో ఐసు వేసి దాన్లో పెట్టి మూత బిగించి ఆయన ముందు పెట్టింది.

"వీధి చివర క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పానండీ. రెండు పూటలా వాళ్ళు వేస్తారు. వేయించుకుని వచ్చాకే టిఫిను."

"నువ్వున్నావుగా?" అన్నాడు బావ, చెయ్యి ఇంకా అలాగే చాపి.

"నేను జడ్జిగారి భార్యనండీ. సూదులు వెయ్యడం హెడ్ నర్సు పని. ఆవిడ అర్జీ నిన్న మీరు కొట్టేశారు."

అరవలేదు, గొంతు కూడా పెంచలేదు. వార్డులో రోగికి రేపట్నుంచి ఈ మాత్ర మారుతుందని చెప్పినట్టు చెప్పింది. బావ నా వైపు చూశాడు. నేను టీ తాగుతున్నాను. అంత రుచైన టీ నేనెప్పుడూ తాగలేదు.

ఆయన ఒక్కడే వెళ్ళడానికి జంకుతున్నాడని అక్కే నన్ను తోడు పంపింది. క్లినిక్‌లో బెంచీల నిండా, కుర్చీల నిండా జనం. బావ నేరుగా లోపలికి వెళ్ళబోతే కౌంటరు దగ్గర ఆపి, వరసలో కూర్చోమన్నారు. తాను జడ్జినని చెప్పాడు. అలాగేనండీ, కూర్చోండి అన్నారు. ఆయన బెంచీ చివర, దగ్గుతున్న ఒకాయన పక్కన, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లోపలి గది తలుపు తీసి ఒక పొడుగాటి నర్సు బయటికొచ్చింది. ఆ అమ్మాయి మా అక్క చేతి కింద పని నేర్చుకున్నదేనని నాకు తర్వాత తెలిసింది.

"హెడ్ సిస్టర్ గారి భర్త ఎవరండీ? లోపలికి రండి."

ఎవరూ లేవలేదు. బావ తనని కాదన్నట్టు గోడ వైపు చూస్తున్నాడు. ఆ అమ్మాయి మళ్ళీ పిలిచింది. బావగారూ, మిమ్మల్నే అని నేను కాస్త గట్టిగానే అన్నాను. బెంచీలన్నీ తిరిగి చూశాయి. మా హెడ్ సిస్టర్ గారి భర్తట అని ఎవరో ఎవరికో చెప్పారు. ఆ పేటలో సగం మంది ఆ వార్డులో ఒకసారైనా పడుకుని లేచినవాళ్ళే. లోపల ఆ నర్సు చొక్కా చెయ్యి పైకి లాగుతుంటే బావ తను జడ్జినని మళ్ళీ చెప్పుకున్నాడు. అలాగేనండీ, ఏ చెయ్యి ఇస్తారు అని అడిగింది.

ఆ రోజు నుంచి రెండు పూటలా అదే పిలుపు. మొదట్లో పిలిచిన ప్రతిసారీ సరిదిద్దేవాడు. తర్వాత తర్వాత పూటకోసారి సరిదిద్దేవాడు. ఒకరోజు కూర్చోవడానికి చోటు లేకపోతే, హెడ్ సిస్టర్ గారి భర్త నిలబడ్డారు, కుర్చీ ఇవ్వండమ్మా అని ఎవరో అన్నారు. ఎవరో లేచారు. బావ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ పూట ఏమీ సరిదిద్దలేదు. కుర్చీ విషయంలో ఆయన ఎప్పుడూ మొండి మనిషి కాదు.

ఇటు బిల్డింగులో గగ్గోలు మొదలైంది. బీపీ చూడమని వచ్చిన ప్రిన్సిపాల్ గారికి, ఇంజెక్షనుకి వచ్చిన ఇంజనీరు గారి భార్యకి, అందరికీ అక్క ఒకటే మాట చెప్పింది, క్లినిక్ తెరిచే ఉంటుందండీ అని. కండక్టరు పెద్దమనిషి భార్యకి మాత్రం వాళ్ళింటికే వెళ్ళి కాలికి కట్టు మార్చేది, అది నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మెట్ల మీద గుసగుసలు నా వాటా దాకా వినపడేవి. ఇన్నాళ్ళు సేవాభావం ఉన్న మనిషనుకున్నాం అన్నారు. బోర్డు మీద పేరు కోసం ఇంత పంతమా అన్నారు. ఆ మాట అన్నదెవరయ్యా అంటే, తన పేరు ముందు చీఫ్ అన్న రెండక్షరాలు తప్పిపోయాయని కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన కాగితం వెనక్కి పంపిన మనిషి. సేవ, సేవ. ఎవడి చేతైనా ఊరికే పని చేయించుకోవాలంటే ఆ పనికి సేవ అని పేరు పెడితే చాలు కాబోలు.

చివరికి అసోసియేషన్ మళ్ళీ మీటింగు పెట్టింది. ఈసారి అక్కని పేరు పెట్టి పిలిచారు, ముందు వరసలో కుర్చీ వేశారు. సెక్రటరీ తీర్మానం చదువుతుంటే నాకు మొదట నిజంగానే సంతోషం వేసింది. మన అక్క గెలిచిందిరా దేవుడా అనుకున్నాను. తర్వాత మాటలు ఒక్కొక్కటే చెవికెక్కాయి. బిల్డింగు వాసులకు ఆమె ఇకముందు అందించబోయే ఉచిత సేవలకు గుర్తింపుగా ఆమెకు గౌరవ నర్సు అనే బిరుదు ఇచ్చి, ఆ పేరు బోర్డు మీద చెక్కించడమైనది. రోజూ పొద్దున వేళ, మెట్ల కింద. ఒక బల్ల, ఒక స్టూలు అసోసియేషన్ ఖర్చుతో కొనిపెడతారు. హెడ్ అన్న మాట ఎక్కడా లేదు. అదీ నొక్కేశారు.

అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి, దానం చేసినవాళ్ళ మొహాల్లా. ప్రెసిడెంటు కుర్చీలో బావ కూడా తల ఊపుతున్నాడు. రేపట్నుంచి క్లినిక్‌కి వెళ్ళక్కర్లేదన్న తేలిక ఆ మొహంలో నాకు స్పష్టంగా కనపడింది. నా చేతిలో పెన్ను విరిచేద్దామనిపించింది. అక్క లేచింది.

"ఇంజనీరు గారూ, మీ పేరు బోర్డు మీద ఉండాలంటే మన మోటారు చెడిపోయినప్పుడల్లా మీరు బాగుచెయ్యాలని ఎవరైనా రూలు పెట్టారా? ప్రిన్సిపాల్ గారూ, పొద్దున్నే మెట్ల కింద కూర్చుని పిల్లలకి పాఠాలు చెప్పాలన్నారా మిమ్మల్ని? మీవన్నీ చేసేసిన పనికి పెట్టుకున్న పేర్లు. నాకేమో రేపట్నుంచి చెయ్యబోయే పనికి ఇస్తున్నారు. మరి నేను చేసేసింది ఎక్కడికి పోయిందండీ?"

ప్రిన్సిపాల్ గారు తన చెప్పుల వైపు చూసుకున్నారు. అక్క కూర్చోలేదు.

"ఫ్లాటు నాది. రూలు మీరు రాసుకున్నదే, యజమాని సంతకం లేకుండా చెక్కించకూడదని. నేను సంతకం పెట్టను. నా పేరు పక్కన ఏముండాలో మీకు తేలకపోతే, ఆ వరసలో ఎవరి పేరూ ఉండొద్దు."

ఎవరి పేరూ అన్నప్పుడు ఆవిడ బావ వైపు చూడలేదు. అందరూ చూశారు. బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. రూలు ఆయన కలపమన్నదే, చదివితే ఎటు తిప్పినా ఒకటే అర్థం వస్తుంది. ఈసారి తీర్పు రాలేదు. సెక్రటరీ నా వైపు తిరిగి, ఏం రాశావమ్మా అన్నాడు. ఆవిడన్నది అన్నట్టే రాశానని చెప్పాను. నా ఉద్యోగం మొత్తంలో అంత వేగంగా నేనెప్పుడూ రాయలేదు.

బోర్డు వచ్చింది. ఇద్దరు పనివాళ్ళు గోడకి బొక్కలు పెట్టి బిగించారు. పసుపుపచ్చగా మెరిసిపోతోంది. కింది నుంచి పైదాకా పేర్లు, హోదాలు, బ్రాకెట్లు. మూడో అంతస్తులో ఒక ఫ్లాటు నంబరు ఉంది, దాని పక్కన ఏమీ లేదు, ఉత్త ఇత్తడి. లోపలికొచ్చే ప్రతివాడి కళ్ళూ నేరుగా అక్కడికే పోతున్నాయి. ఆ ఖాళీ ఎవరిదని కొరియర్ అబ్బాయి అడిగితే, హెడ్ సిస్టర్ గారి ఇల్లని మా బిల్డింగు వాచ్‌మన్ చెబుతుంటే నేను నా కిటికీలోంచి విన్నాను. గొప్పే. కానీ వాచ్‌మన్ నోట్లో ఉన్నది గోడ మీద ఎందుకు లేదని నా కోపం నాకుంది, అది తగ్గలేదు.

ఆ సాయంత్రం బావ ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేనూ అక్కా కూర్చుని కూరగాయలు తరుగుతుంటే పైకొచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కొత్తగా వచ్చినవాళ్ళకి నేనెవరో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

తగువుకి అడగలేదు. నిజంగా తెలియకే అడిగాడు. ఆయనకి భయంగా ఉంది, అది గొంతులో వినపడింది. అక్క కత్తిపీట పక్కకి జరిపి చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"తెలియదండీ. మీరే చెప్పుకోవాలి. వాళ్ళు మర్చిపోతే మళ్ళీ చెప్పాలి. కొన్నాళ్ళకి మీకే విసుగొచ్చి చెప్పడం మానేస్తారు. తర్వాత ఎవరైనా హెడ్ సిస్టర్ గారి భర్తా అని పిలిస్తే పలుకుతారు. నేను అలాగే పలికాను."

అక్క లేచి ఫ్రిజ్ తీసి, ఐసు వేసిన ఫ్లాస్కు ఆయన చేతికిచ్చింది. క్లినిక్‌లో సాయంత్రం వరస అప్పటికే మొదలై ఉంటుంది. ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు.